కప్పు మీది ఊరు

మా ఊరి పాత కట్టడాలు చూడాలంటే ఎవరి తోడూ అక్కర్లేదు. బస్సు దిగేచోట, నా ఉగ్గాని అంగడి పక్కన, రాతి అరుగు మీద పసుపురంగు బాణం ఉంటుంది. దాని వెంబడి పోతే ఊరి వాకిలి. వాకిలి స్తంభం మీద ఇంకో బాణం, అది బురుజు వైపు చూపిస్తుంది. అట్లా బాణం చెప్పినట్టల్లా పోతా ఉంటే గంజి చావిడి, పీర్ల చావిడి, కడాకు దిగుడుబావి. బావి దగ్గర బాణాలు అయిపోతాయి. దిగి చూస్తే నీళ్ళుండవు కాబట్టి గొంతు ఎండి, వచ్చిన దారినే నా అంగడికి రావాల్సిందే. ఆ ఏర్పాటు మాత్రం నాదే.

బాణాలు గీయించింది అనంతపురంలో కాలేజీ పిల్లలకు చదువు చెప్పే ఒక మేడం. ఒకసారి కంబదూరు పోతుంటే బస్సు మా ఊరికాడ చెడిపోయింది. నా అంగట్లో బొరుగుల ఉగ్గాని తినింది, బజ్జి రెండోసారి పెట్టించుకుంది, బస్సు బాగయ్యేలోపల ఊరంతా తిరిగొచ్చింది.

"ఇన్ని పాతవి పెట్టుకుని ఎవరికీ చెప్పలేదేమండీ మీరు?" అని అడిగింది.

"అడిగినోళ్ళు లేరు మేడం," అన్నా.

నెల తిరక్కముందే రంగు డబ్బాలు, రేకు బోర్డులు ఆటోలో వేసుకుని మళ్ళీ దిగింది. వచ్చేవాళ్ళు తమంతట తామే నడిచి చూసుకునేట్టు ఒక దారి వేస్తానంది. తిప్పి చూపించే మనిషి ఉండడు. బాణం, నంబరు, బోర్డు, అంతే.

అప్పుడు నా అంగడి ముందర టీ తాగుతా కూర్చోని ఉన్నాడు చావిడి అన్న. "మనుషులు లేని ఊరికి మనిషి అక్కర్లేని టూరు. బాగా కుదిరింది మేడం," అన్నాడు. మేడం నవ్వింది. మేము నవ్వలేదు. మా వీధిలో తాళం వేయని తలుపులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళంతా బెంగళూరులో ఇటుకలు మోస్తా ఉన్నారు, కార్లు కడుగుతా ఉన్నారు, ఎవరి ఇండ్లకో కావలి కాస్తా ఉన్నారు.

చావిడి అన్న అంటే పీర్ల చావిడి చూసుకునే మనిషి. మొహర్రం దినాల్లో పీర్లను నిలబెట్టే చావిడి అది. మిగతా ఏడాదంతా పీర్లు ధర్మవరం పట్టుగుడ్డల్లో చుట్టుకుని పెట్టెలో నిద్రపోతాయి. ఊర్లో ముస్లిం ఇల్లు ఆయనదొక్కటే. అయినా పీర్లపండగ ఊరందరిదీ. ఆయన తాత, నాయన పీర్లను చూసుకున్నారు, ఇప్పుడు ఆయన చూసుకుంటున్నాడు. బతుకుతెరువుకు బోరు మోటార్లు బాగుచేసేవాడు. బోర్లు ఎండిపోయినాక ఆ పనీ ఎండిపోయింది. వాళ్ళ బావమరిది బెంగళూరులో ఒక పెద్ద మేడ కాడ కావలి పని చూసిపెట్టినాడు, ఉండేదానికి రూము కూడా ఇస్తారని. వదినకు పోవాలని ఉంది. ఆమె అడిగినప్పుడల్లా అన్నది ఒకటే మాట: "చావిడి కప్పు నిలబడినన్నాళ్ళు నేనీడే. అది పోయిననాడు మూట కట్టు, నోరెత్తకుండా నీ ఎనక వస్తా."

వదిన నా కాడికొచ్చి మొత్తుకునేది. "కప్పు పడిపోవాలని మొక్కుకోమంటాడా ఏమి నన్ను? పీర్లతో పెట్టుకుంటే కండ్లు పోవూ?"

ఇక బోర్డుల సంగతి. ఏం రాయాలో మేడానికి తెలీదు. ఊర్లో విచారిస్తే అందరూ నా అంగడి చూపించినారంట. ఆ అంగడామెకు చానా తెలుసని కాదు, ఆమె అయితే యాదో ఒకటి చెప్తాదని. నాకు ఆ మాట గౌరవంగానే అనిపించింది. కూర్చోని రాసిచ్చినా.

ఊరి వాకిలికి ఇట్లా రాసినా: ఈ వాకిలి తలుపులను ఒక దొంగ వీపు మీద వేసుకుని మోసుకుపోయినాడు. ఎదురొచ్చినవాళ్ళు ఊరే నడిచి వస్తా ఉందనుకుని చెప్పులు విడిచి పక్కకు నిలబడినారు. తలుపులు ఇంతవరకూ దొరకలేదు. దొంగ మాత్రం మరుసటేడు తిరిగొచ్చి, గొళ్ళెం మరిచిపోయినానని అడిగి తీసుకుపోయినాడు.

బురుజుకు: పాళెగాళ్ళ కాలంలో ఈ బురుజు మీద కావలివాడు శత్రువుల కోసం చూసేవాడు కాదు, మబ్బు కోసం చూసేవాడు. మొదటి మబ్బును చూసినవానికి ఒక పల్లె ఇనాము. ఆ పల్లె ఇప్పటికీ ఎవరూ తీసుకోకుండా అట్లే ఉంది. ఆశ ఉన్నవాళ్ళు ఎక్కి చూడవచ్చు.

దిగుడుబావికి: ఇందులో పుట్టిన కప్ప ఒకటి మెట్లన్నీ ఎక్కొచ్చి, బస్సు కాడి అంగట్లో, నీళ్ళంటే ఎట్లుంటాయని అడిగింది. గ్లాసులో పోసి చూపిస్తే జడుసుకుని మళ్ళీ బావిలోకే దూకింది.

గంజి చావిడికి వచ్చేసరికి చెయ్యి కొంచెం ఆగింది. కరువులో సర్కారు గంజి కాంచి పోసిన కొట్టం అది. మా అత్తగారింటి అవ్వ మట్టిచట్టి పట్టుకుని ఆ వరుసలో నిలబడింది. అవ్వ చెప్పేది, ఆ వరుసలో ఎవరూ వెనక్కి తిరిగేవాళ్ళు కాదంట, ముందరి మనిషి వీపే చూసేవాళ్ళంట. తిరిగితే తెలిసిన ముఖం కనబడుతుందని. అది రాయలేదు. ఇక్కడి గరిటె ఎంత పొడుగంటే, వరుసలో కడపటి మనిషి కళ్యాణదుర్గంలో నిలబడినా గంజి అందేదని రాసినా.

మేడం చదివి పొట్ట పట్టుకుంది. "ఇది చరిత్ర కాదు కదండీ!"

"చరిత్ర రాస్తే ఈ ఎండలో నిలబడి ఎవురు చదువుతారు మేడం?"

పీర్ల చావిడి బోర్డుకు మాత్రం అన్న అడ్డం పడినాడు. "ఏమ్మే, దీనికి నీ బుడ్డలు, కట్టుకథలు వొద్దు. ఉండేది ఉన్నట్టు రాయి." సరే అని ఉన్నట్టే రాసినా: ఈ చావిడి కప్పు మీద ఊరంతా నిలబడి ఉంది. మేడం అన్నిటినీ ఒప్పుకుని, ఆ ఒక్కదాని కాడ మొహం చిట్లించింది. "ఇది మరీ ఎక్కువైందేమో?"

ఆమెను నమ్మించడానికే అన్న నిచ్చెన వేసి కప్పు మీదికి తీసుకుపోయినాడు. నేనూ వెంట ఎక్కినా.

చావిడిది మట్టి మిద్దె. దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద వేపరెల్లు, అంటే సన్నటి వేపకొమ్మలు, ఆ పైన మట్టి, మట్టి మీద చౌడు. చౌడంటే తెల్లటి ఉప్పుమన్ను. అందులో గడ్డి మొలవదు, నీళ్ళు దిగవు. మిద్దె మీద పరిస్తే వాన దాని మీద జారి గొట్టంలోంచి బయట పడుతుంది. ఏడాదికొకసారి కొత్తది వేయకపోతే పాతది గాలికి సగం, వానకు సగం పోయి, కప్పు గుంతలు పడుతుంది.

రోహిణి కార్తెలో ఇంటికొక గంప చౌడు తెచ్చి చావిడి మీద వేయడం మా ఊరి కట్టు. ఎవరికి తోచిన చోట వాళ్ళు గుమ్మరించేది కాదు. కప్పు మీద ప్రతి ఇంటికీ ఒక చోటుంది. ఊర్లో ఇండ్లు ఏ వరుసన ఉన్నాయో, కప్పు మీద చోట్లూ ఆ వరుసనే. ఊర్లోకి దిగే దారి పక్కన మా ఇల్లు, కప్పు మీద గొట్టం పక్కన మా చోటు. ఎవరి గంప వాళ్ళ చోట దించి, వాళ్ళ చేత్తోనే సమం చేయాలి. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో చేతి బలం ఎక్కువై, నా చౌడు పక్కింటివాళ్ళ చోటులోకి ఒక చారెడు జారింది. ఆ ఇంటామె వంగి, ఆ చారెడు చౌడూ చీరకొంగుకు ఎత్తి, నా కాళ్ళ కాడ పోసింది. చానా కాలం నాతో మాట్లాడలేదు.

ఆమెది తప్పు కాదు. ఇంకొకరి చోట గంప దించేది ఒక్కందుకే. ఒక ఇంట్లో కడపటి మనిషి కూడా పోయి, దీపం పెట్టే దిక్కు లేనప్పుడు, దినాలు అయినాక చుట్టుపక్కలవాళ్ళు ఆ చోట గంప చౌడు పోసి, తమ చోట్లలో కలుపుకుంటారు. ఆ ఇంటి లెక్క అయిపోయిందని దానికి అర్థం. బతికున్నవాళ్ళ చోట ఇంకొకరు గంప దించితే, వాళ్ళను బతికుండగానే పూడ్చినట్టు.

మేడానికి అన్న కప్పు మీదనే ఊరు తిప్పి చూపించినాడు. "ఇది కంసలోళ్ళది. ఇది చాకలోళ్ళది. వీళ్ళు అన్నదమ్ములు, ఇల్లు రెండు చేసినాక చోటు కూడా రెండు చేసినారు, ఈ గీత సూడు. ఇదిగో ఇది మాది." పండగనాడు పెద్దపీరు ఎత్తుకునే మనిషి నడిచినంత నెమ్మదిగా నడుస్తా చూపించినాడు. మేడం చెప్పులు కింద విడిచొచ్చింది, ఎవరూ చెప్పకుండానే. కాళ్ళు కాలుతున్నా ఆ మాట అనలేదు.

అప్పుడు ఆమె నిలబడిపోయింది. "ఇక్కడేంటి, ఇంత పల్లంగా ఉంది?"

నేనే చెప్పినా. అవి ఊరు విడిచిపోయినవాళ్ళ చోట్లు. మొదట్లో పండగకు వచ్చినప్పుడన్నా గంప వేసి పోయేవాళ్ళు. తరువాత పండగనాడు వచ్చి, ఆనాడే పోవడం మొదలుపెట్టినారు. ఆ పైన అదీ లేదు. తెల్లటి చౌడు పోయి ఎర్రమట్టి బయటపడి, కొన్ని చోట్ల వేపరెల్లు కూడా కనబడుతున్నాయి. కప్పు మీద ఉండేవాళ్ళ చోట్లు ఎత్తు, పోయినవాళ్ళ చోట్లు పల్లం. నా చోటులోంచే కొంచెం కొంచెం చౌడు ఆ పక్క పల్లంలోకి జారిపోతా ఉంది. ఇప్పుడు ఎత్తి నా కాళ్ళ కాడ పోసేదానికి ఆమె లేదు, కొడుకు దగ్గర బెంగళూరులో ఉంది.

"మరి వాళ్ళ బదులు మీరే వేసేస్తే పోదా?" అంది మేడం.

"వాళ్ళేం సచ్చిపోయినారా మేడం?" అన్నాడు అన్న. గట్టిగా కూడా అనలేదు. మేడానికి ఏమర్థమైందో, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆమె పోయినాక నేను ఊరుకోలేదు. "అన్నా, ఫోన్లు చేసి ఒప్పించు. మా చోట మీరే వేసుకోండి అని ఒక్క మాట అనిపించు, సాలు."

నా అంగట్లోనే కూర్చోని, స్పీకరు పెట్టి చేసినాడు. నేను బజ్జీలు వేస్తా వింటి. మొదట చేసింది కార్లు కడిగే ఆయనకు.

"ఏమప్పా, బాగుండావా? రోహిణి వచ్చె. మీ గంప సంగతి ఏం జేస్తావు?"

"అయ్యో, మర్సేపోయినా అన్నా. వచ్చే ఏడు తప్పకుండా వచ్చి వేస్తా."

"పోయినేడూ అంతే అంటివి. కప్పు గుంత పడిందప్పా. నువ్వు సరే అంటే పక్కోళ్ళు వేస్తారు."

ఆయన గొంతు మారిపోయింది. "అంటే ఏందన్నా? మా ఇల్లు లేదనేసినారా ఊర్లో? మా చోటు ఎవురికన్నా ఇస్తే బాగుండదు, సెప్తాండా."

ఇంకొకామెకు చేస్తే ఏడ్చింది. "అన్నా, ఈడ మాకంటూ చీపురు పెట్టుకునే మూల కూడా లేదన్నా. ఆడ ఆ గంపంత చోటన్నా ఉండనీ. మేమొస్తాం, దాన్ని మాత్రం ముట్టొద్దు." ఎవరికి చేసినా అదే. రామని ఒక్కరూ అనలేదు. వేసుకోమనీ ఒక్కరూ అనలేదు. కడాన చేసినాయన మాత్రం, చావిడి బోర్డు ఫోటోలో చూసినామని, ఊరు పెద్ద పేరుకొచ్చిందని సంబరపడినాడు.

అన్న ఫోను జేబులో పెట్టుకుని, చల్లారిన టీ తాగేసి లేచినాడు.

"అన్నా," అన్నా, "నేనొక పని చేస్తా. మట్టమధ్యాన్నం ఎవురూ లేనప్పుడు ఎక్కి అన్ని చోట్లా పోసేస్తా. అడిగినోళ్ళకు సుడిగాలి వచ్చి ఏటిగడ్డ చౌడంతా తెచ్చి సరిగ్గా మన చావిడి మీద దించిపోయిందని చెప్తా. నేను చెప్తే నమ్మేస్తారు."

"నమ్ముతారు లేమ్మే. నీ కథలు గోడ మీద రాసుకో. కప్పు మీద మాత్రం వొద్దు."

నేను అన్నంత పనీ చేస్తానని ఆయనకు తెలుసు. ఆ సాయంత్రమే నిచ్చెన ఇంటికి మోసుకుపోయి, దాని మీద మంచం వేసుకుని పడుకున్నాడు. వదిన వచ్చి చెప్పి, "నాకు సవతి లేదనుకుంటి, నిచ్చెన వచ్చె," అని నవ్వింది. నవ్వి, నా అంగడి అరుగు మీద కూర్చోని పోయే బస్సులు చూసింది.

రోహిణి కార్తె అయిపోయింది. ఊర్లో ఉన్న మేం కొద్దిమందిమి మా గంపలు మా చోట్ల వేసినాం. అన్న లోపల దూలాల కింద మొద్దులు నిలబెట్టినాడు. పీర్ల పెట్టెను ఊర్లో ఉన్నవాళ్ళ చోట్లు పైన ఉండే మూలకు జరిపినాడు. పండగకు ఇంకా దినాలున్నాయి.

అప్పుడు వాన వచ్చింది.

వాన గురించి నేను కథలు చెప్పను, మా ప్రాంతంలో ఎవరూ చెప్పరు. పొద్దున పట్టిన ముసురు సాయంత్రానికి విడవలేదు. మరుసటి దినమూ విడవలేదు. సమంగా, సన్నగా, నేల తాగినంత నేలకు పోస్తా పడింది. ఇంత వాన చూసి ఎన్నేండ్లయిందో గుర్తు తెచ్చుకోలేక మొగోళ్ళు కొట్లాడుకున్నారు. మూడోనాటికి కొంచెం తెరిపియ్యగానే ఊరంతా చేన్లలోకి పరిగెత్తింది. పదును తప్పితే శెనక్కాయ విత్తేది మళ్ళీ ఎప్పటికో. నేను అంగడి మూసేసినా. అన్నకు సొంత చేను లేదు, అయినా విత్తనం గొర్రు తోలేదానికి మనిషి తక్కువైతే ఆయన్నూ లాక్కుపోయినాం. "కప్పు చూసుకోవాలప్పా," అని ఒకసారి అన్నాడు. "కప్పు యాడికీ పోదులే అన్నా, పదును పోతాది," అన్నారెవరో. ఆయన పంచె ఎగ్గట్టి గొర్రు పట్టుకున్నాడు.

మధ్యాన్నం మళ్ళీ చినుకులు పడుతుండగా ఊరి వైపు నుంచి దడదడమని ఒక మోత వచ్చింది. నేను గింజలు వదుల్తా తలెత్తినా. "ఉరిమిందిరా! ఇంగా పడతాది ఈరోజు!" అని పక్కచేన్లో ముసలాయన తలపాగా తీసి గాల్లో ఎగరేసినాడు. మేమంతా నవ్వినాం. అన్న కూడా నవ్వినాడు, ఆ నవ్వు నేను చూసినా. మొహం మీది వాన తుడుచుకుని మళ్ళీ ఎద్దులను అదిలించినాడు. ఒక చాలు అయిపోయింది, ఇంకో చాలు సగానికొచ్చింది. అప్పుడు ఆయన ఎద్దులను ఆపేసి, ఊరి వైపు చూస్తా నిలబడినాడు. ఉరుముకు దుమ్ము లేస్తుందా? వానలో తడిసిన ఊరి మీద, ఒక్కచోట, ఎర్రగా దుమ్ము లేస్తా ఉంది.

మేం పోయేసరికి చావిడికి గోడలు మాత్రం ఉన్నాయి. ఎవరూ లోపల లేరు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఊరు విడిచిపోయినవాళ్ళ చోట్లలోనే నీళ్ళు నిలబడినాయి, అక్కడ నానింది, అక్కడ విరిగింది. అయితే కప్పు ఒకటే కదా, విరిగేటప్పుడు ఉన్నవాళ్ళ చోట్లనూ పట్టుకునే దిగింది. నా చౌడు యాది, పక్కామె ఎర్రమట్టి యాది, ఏరేదానికి లేదు. అంతా కలిసి బురద. అన్న ఆ బురదలో మోకాళ్ళ మీద కూర్చోని చేతులతో తోడినాడు. పార ఇస్తే తీసుకోలేదు. పెట్టె దొరికింది, పీర్లకు ఒక సొట్ట కూడా పడలేదు. "చూసినావా అన్నా, వాటి మహిమ!" అని ఎవరో అన్నారు. అన్న ఆ మనిషి వైపు చూసిన చూపుకు, ఆ మనిషి పక్కకు తప్పుకుని బీడీ ముట్టించుకున్నాడు.

ఫోటోలు బెంగళూరుకు పోయేదానికి ఎంతసేపు? సాయంత్రానికే ఫోన్లు మొదలైనాయి. ఏడ్చినవాళ్ళు ఏడ్చినారు. తరువాత ఒక్కొక్కరే ఆయన మీద పడినారు. "నిన్ను నమ్మి కదన్నా ఇడిసిపెట్టి పోయినాం. కండ్ల ముందర పడిపోతావుంటే ఏం జేస్తాంటివి నువ్వు?" అని కార్లు కడిగే ఆయన అరిచినాడు. అన్న చెవి నుంచి ఫోను తీయలేదు. నేను లాక్కుని, "గొర్రు పడతాండె నాయనా, నువ్వు ఈడ లేవు కదా, ఒక చెయ్యి తక్కువైంటే," అని పెట్టేసినా.

ఆ వారంలోనే బాణాలు పట్టుకుని మొదటిసారి నిజంగా మనుషులు వచ్చినారు. ఒక మొగుడూ పెండ్లామూ, కారులో. వాకిలి బోర్డు చదివి నవ్వినారు, బురుజెక్కి మబ్బు కోసం చూసినారు. చావిడి కాడికొచ్చి, బోర్డు చదివి, కుప్ప చూసి, మళ్ళీ బోర్డు చదివినారు.

"ఇక్కడ కప్పు మీద ఊరంతా నిలబడి ఉందని రాశారు. ఇది కూడా కథేనా అండీ?" అని ఆమె నన్నడిగింది.

"అవునమ్మా," అన్నా. "అన్నిటికంటే పెద్ద బుడ్డ అదే."

వాళ్ళు ఆ కుప్ప ముందర నిలబడి ఫోటో తీసుకున్నారు.

ఊర్లో ఉన్న కొద్దిమందిమి కూర్చోని మాట్లాడుకున్నాం. రేకులు కప్పుదామని ఒకరు, పందిరి వేద్దామని ఒకరు. పీర్ల ముందర నిప్పుల గుండం తవ్వేదానికి మనుషులు చాలరని, చాలినా పండగకు ఎవరొస్తారని ఇంకొకరు. ఏదీ తెగలేదు. అన్న అంతా విని, "ఈ ఏడికి వంక అవతలి ఊర్లో నిలబెడదాం," అన్నాడు. వచ్చే ఏడు ఏం చేద్దామని ఎవరూ అడగలేదు.

పెట్టెను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పోయినాం, ఆయనా నేనూ. వదిన రాలేదు, సామాన్లు సర్దాలంది. అవతలి ఊరి చావిడి కొత్తది. అక్కడి పెద్దమనిషి మమ్మల్ని మర్యాదగా లోపలికి పిలిచినాడు.

"రాప్పా, రా. మీ పీర్లకు ఈడేం తక్కువ కాదు. కిందంతా టైల్సు ఏపిచ్చినాం. ఫ్యాను కూడా ఉండాది."

అన్న పెట్టె దించి, తలెత్తి పైకి చూసినాడు. "దీని మీద ఏమేస్తారు మామా?"

"ఎందుకు ఎయ్యల్ల? స్లాబు కదప్పా."

"వానొస్తే?"

"వస్తే వచ్చె. లోపల పండుకుంటాం," అని పెద్దమనిషి నవ్వినాడు. మంచి మనిషి, ఎగతాళికి నవ్వలేదు.

"మంచిదే," అన్నాడు అన్న. కింద టైల్సు వైపు చూసి, "మా ఊరోళ్ళు ఎవురన్నా వస్తే, యాడ నిలబడల్ల మామా?" అని అడిగినాడు.

"యాడైనా నిలబడనీప్పా! జాగా శానా ఉండాది."

అన్న తలాడించినాడు. పట్టుగుడ్డ మీద చెయ్యి పెట్టి, పెదాలు కదిలించి ఏదో చదువుకున్నాడు. పెట్టె తాళంచెవి పెద్దమనిషి చేతిలో పెట్టినాడు. ఎవరికీ ఎప్పుడూ ఇవ్వని తాళంచెవి అది, ఆయన నడుముకు దారం గుర్తు పడిపోయింటుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో మా ఊరి మలుపు దగ్గరకొస్తే, ఆయన ఆపమన్నాడు. రోడ్డు పక్కన వదిన నిలబడి ఉంది, రెండు సంచులు, ఒక మూట, చుట్టిన చాప. కళ్యాణదుర్గం బస్సు వచ్చే వేళ. అక్కడినుంచి బెంగళూరుకు ఇంకో బస్సు. వదిన నా మొహం చూడలేదు. ఇన్నేండ్లు పోదామని పోరిన మనిషి, పోయేనాడు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

నాకు తెలిసిన విద్య ఒకటే కదా. మొదలుపెట్టినా. "ఈరోజు బస్సు రాదంట అన్నా. మొన్నటి వానకు కళ్యాణదుర్గం కాడ రోడ్డు మీద శెనక్కాయ చెట్లు మొలిచినాయంట. డ్రైవరుకు వాటి మీద తోలేదానికి మనసు రాలేదంట. దిగి, కలుపు తీస్తా ఉన్నాడంట. కండక్టరు టికెట్లు కొట్టేది ఇడిసిపెట్టి నీళ్ళు మోస్తా ఉన్నాడంట. ప్యాసింజర్లందరికీ తలా ఒక చాలు పంచినారంట. కాయలు దిగేదాకా ఆ బస్సు కదలదంట. నువ్వు ఇంటికి పోయి నెమ్మదిగా అన్నం తిను."

అన్న మధ్యలో అడ్డం రాకుండా అంతా విన్నాడు. "కాయ బాగా దిగిందంటనా?" అని అడిగినాడు.

"గంపలకు గంపలు," అన్నా.

మలుపులో బస్సు హారను వినబడింది. ఆయన మూట ఎత్తి భుజాన వేసుకున్నాడు, చాప చంకలో పెట్టుకున్నాడు. వదిన సంచులు పట్టుకుంది. బస్సు సగమే ఆగింది, కండక్టరు "ఎక్కండి ఎక్కండి, బిన్నా, లేటయిపాయ" అని తలుపు మీద కొట్టినాడు. ఎక్కినారు. లోపల జాగా లేదేమో, అన్న తలుపు కాడనే కమ్మీ పట్టుకుని నిలబడినాడు, ఊరి వైపు వీపు పెట్టి.